బాప్తిస్మం లేకుండా పోయినవాళ్ళ సంగతి



పోయిన నెలలో మన వీధి పూలవ్వ చనిపోయిన సంగతి అందరికీ తెలుసు. నలభై ఏళ్ళకు పైగా ఆదివారం తప్పకుండా చర్చికి వచ్చిన మనిషి. చివరి బెంచీ, గోడ పక్క చోటు ఆవిడది. పాటలన్నీ నోటికి వచ్చు. కానీ బాప్తిస్మం తీసుకోలేదు. ఎన్నిసార్లు అడిగినా "చూద్దాం లే అయ్యా, వాడి చదువు కానీ, ఉద్యోగం కానీ" అంటూ వాయిదా వేసింది. కొడుకు కుల ధృవపత్రానికి తనవల్ల ఇబ్బంది వస్తుందని ఆవిడ భయం. కొడుకు చదువూ అయింది, ఉద్యోగమూ అయింది, ఆవిడ కాలమూ అయిపోయింది.

మట్టి చేసే దగ్గర పేచీ వచ్చింది. సభ్యత్వం లేనివాళ్ళకు తమ స్థలంలో చోటు ఇవ్వడం కుదరదని చర్చి పెద్దలు అన్నారు. ఉన్న స్థలమే తక్కువ, రూలు రూలే అన్నారు. చివరకు కార్పొరేషన్ స్థలంలో పెట్టాం. పాస్టరయ్యగారు తన సొంత పూచీ మీద వచ్చి ప్రార్థన చేశారు. అక్కడితో అయిపోయుంటే ఈ వ్యాసం రాసేవాళ్ళం కాదు. ఆ రాత్రి నుంచి మన వాట్సాప్ గుంపులో మొదలైంది: అవ్వకు రక్షణ ఉందా, లేదా? ఒకరు మార్కు సువార్త పెట్టారు, ఇంకొకరు సిలువ మీది దొంగను పెట్టారు. మూడు రోజులు సాగింది. ఆవిడ కొడుకు కూడా ఆ గుంపులో ఉన్నాడన్న సంగతి ఎవరికీ గుర్తు లేనట్టుంది.

మన సంఘంలో బాప్తిస్టులం ఉన్నాం, లూథరన్లం ఉన్నాం, సీఎస్ఐ వాళ్ళం, కథోలికులం ఉన్నాం. గుడికి వెళ్ళే కుటుంబాలూ సగం దాకా ఉన్నాయి. కాబట్టి ఎవరి తరఫునా తీర్పు చెప్పే పని మేము పెట్టుకోవడం లేదు. ఈ ప్రశ్న మన గుంపులో పుట్టింది కాదని, దీని మీద రెండు వేల ఏళ్ళ వాదన ఉందని చెప్పాలనుకుంటున్నాం. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయం మన తెలుగువాళ్ళదే. అది మన ముత్తాతల ఆకలితో ముడిపడి ఉంది.

ముందు వచనాల సంగతి. బాప్తిస్మం తప్పనిసరి అనేవాళ్ళకు బలం లేకపోలేదు. నీటి మూలంగా, ఆత్మ మూలంగా జన్మిస్తే తప్ప దేవుని రాజ్యంలో ప్రవేశం లేదని నికొదేముతో యేసు అన్నట్టు యోహాను సువార్త మూడో అధ్యాయం చెబుతుంది. పెంతెకొస్తు రోజున పేతురు మారుమనస్సునూ బాప్తిస్మాన్నీ పాపక్షమాపణనూ ఒకే మాటలో కలిపి చెప్పాడు. మార్కు చివరి అధ్యాయంలో నమ్మి బాప్తిస్మం పొందినవాడికి రక్షణ అని ఉంది.

అవతలి పక్షానికీ బలం ఉంది. ఆ మార్కు వచనం రెండో సగంలో శిక్ష ఎవరికంటే నమ్మనివాడికి. అక్కడ బాప్తిస్మం మాట మళ్ళీ రాదు. పైగా ఆ చివరి పన్నెండు వచనాలు పాత చేతిరాత ప్రతుల్లో ముఖ్యమైన రెండింటిలో లేవు. సిలువ మీది దొంగకు నీళ్ళు లేవు, సంఘం లేదు, సాయంత్రం దాకా ఆయుష్షు లేదు, అయినా పరదైసు మాట దొరికింది. కొర్నేలీ ఇంట్లో ముందు పరిశుద్ధాత్మ దిగింది, తరువాత నీళ్ళు వచ్చాయి. పౌలు కొరింథీయులకు రాస్తూ తనను క్రీస్తు పంపింది బాప్తిస్మం ఇవ్వడానికి కాదు, సువార్త చెప్పడానికని తేల్చేశాడు.

రెండు పక్షాల వచనాలూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. అందుకే వచనానికి వచనం విసురుకుంటే మూడు రోజులేం ఖర్మ, మూడు వందల ఏళ్ళైనా తెగదు. చరిత్రలో జరిగిందీ అదే.

మొదటి శతాబ్దాల్లో బాప్తిస్మాన్ని ఎంత పెద్దదిగా చూశారంటే, దాన్ని తీసుకోవడానికే భయపడేవారు. ఒకసారి కడిగిన పాపం తరువాత మళ్ళీ పాపం చేస్తే ఎలా అన్నది ఆ భయం. క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజిలో ఉన్న టెర్టులియన్, చిన్నపిల్లలకూ పెళ్ళికాని యువకులకూ తొందరపడి ఇవ్వొద్దని రాశాడు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రైస్తవానికి రాజ్యమంతా తలుపులు తెరిచాడు కానీ తాను బాప్తిస్మం పొందింది 337లో, మరణశయ్య మీద. 374లో మిలాను ప్రజలు ఆంబ్రోసును బిషపుగా ఎన్నుకున్నప్పుడు ఆయనకు అప్పటికింకా బాప్తిస్మమే కాలేదు.

ఆ ఆంబ్రోసు ముందుకే తరువాత మన పూలవ్వ లాంటి సమస్య వచ్చింది. 392లో యువ చక్రవర్తి రెండో వాలెంటీనియన్ గాల్‌లో అనుమానాస్పదంగా చనిపోయాడు. ఆంబ్రోసు చేత బాప్తిస్మం తీసుకోవాలని కబురు పెట్టాడు, ఆయన వచ్చేలోపే ప్రాణం పోయింది. చక్రవర్తి అక్కచెల్లెళ్ళు ఏడుస్తున్నది తమ్ముడు పోయినందుకే కాదు, బాప్తిస్మం లేకుండా పోయినందుకు కూడా. అంత్యక్రియల ప్రసంగంలో ఆంబ్రోసు వాళ్ళకు చెప్పిన ధైర్యం ఇదీ: అతడు కోరుకున్నాడు, అడిగాడు, అడిగినవాడికి దొరికినట్టే. హతసాక్షులు తమ రక్తంతో శుద్ధి పొందితే, ఇతడు తన భక్తితో, తన కోరికతో శుద్ధి పొందాడు.

ఈ "కోరిక" అన్న మాటను గుర్తుపెట్టుకోండి. తరువాతి వెయ్యిన్నర ఏళ్ళూ దాని చుట్టూ తిరిగాయి.

ఆంబ్రోసు చేతిమీదుగా 387లో బాప్తిస్మం పొందిన అగస్టీను మాత్రం పసిబిడ్డల విషయంలో కఠినంగా నిలబడ్డాడు. జన్మపాపం ఉంది కాబట్టి బాప్తిస్మం లేకుండా చనిపోయిన శిశువుకు పరలోకం లేదు, శిక్ష ఉంటుంది, అది అన్నిటికంటే తేలికపాటిది అన్నాడు. ఆ మాట తల్లుల గుండెల్లో ఎన్ని వందల ఏళ్ళు గుచ్చుకుందో చెప్పలేం. మధ్యయుగంలో పండితులు దాన్ని మెత్తబరచి, నొప్పీ లేదు దేవుని దర్శనమూ లేదు అనే ఒక అంచు లోకాన్ని, లింబోను, ఊహించారు. చివరకు 2007లో వాటికన్‌లోని అంతర్జాతీయ వేదాంత మండలి, అలాంటి బిడ్డల రక్షణ కోసం ఆశపెట్టుకోవడానికి బలమైన కారణాలు ఉన్నాయని ఒక పత్రం విడుదల చేసింది. ఖాయం అనలేదు, ఆశ అన్నది. ఆ ఒక్క మాట దాకా రావడానికి పదహారు వందల ఏళ్ళు పట్టింది.

కథోలిక సభ పద్ధతి మొదటి నుంచీ రెండు చేతులతో నడిచింది. 1547లో ట్రెంట్ మహాసభ, జ్ఞానస్నానం రక్షణకు అవసరం లేదు, ఇష్టమైతే తీసుకోవచ్చు అనేవాళ్ళను శపించింది. అదే ఏడు, రెండు నెలల ముందు అదే సభ, జ్ఞానస్నానం గానీ దానిమీద కోరిక గానీ అని రాసింది. 1992 నాటి కథోలిక సత్యోపదేశం దీన్ని ఇంకా తేటగా చెప్పింది: దేవుడు రక్షణను ఈ సంస్కారానికి ముడివేశాడు, కానీ తాను మాత్రం ఆ ముడికి కట్టుబడి లేడు. ప్రాణం పోయే సమయంలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. ఇచ్చే మనిషికి బాప్తిస్మం అయ్యుండాల్సిన పని కూడా లేదు. సంఘం ఉద్దేశంతో నీళ్ళు పోసి ఆ మాటలు పలికితే చాలు. అంటే ఆసుపత్రిలో బొట్టు పెట్టుకున్న నర్సమ్మ ఇచ్చినా అది చెల్లుతుంది.

లూథరన్లు 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో బాప్తిస్మం అవసరమనే రాసుకున్నారు. కానీ అదే లూథరు 1542లో, కాన్పులో బిడ్డలు పోయిన తల్లుల ఓదార్పుకు ఒక చిన్న పుస్తకం రాసి, బిడ్డ కోసం ఆ తల్లి పడిన వేదననే దేవుడు ప్రార్థనగా తీసుకుంటాడని చెప్పాడు. సంస్కారం దొరకకపోవడం ఒకటి, దాన్ని తృణీకరించడం ఇంకొకటి అన్నది లూథరన్ బోధకుల పాత మాట. 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ ఒప్పుకోలు, బాప్తిస్మాన్ని చిన్నచూపు చూడడం పెద్ద పాపమంటూనే, అది లేకుండా ఎవరూ రక్షణ పొందలేరని గానీ, అది పొందిన ప్రతివాడూ తప్పక రక్షణ పొందినట్టేనని గానీ అనుకోకూడదంది.

ఇక బాప్తిస్టుల వరస. 1525 జనవరిలో జ్యూరిక్‌లో కొందరు, పసితనంలో పోసిన నీళ్ళు లెక్కలోకి రావు, తెలిసి నమ్మినవాడే తీసుకోవాలని మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నారు. రెండేళ్ళకు వాళ్ళలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను ఆ ఊరి ప్రభుత్వం నదిలోనే ముంచి చంపింది. నీళ్ళ కోసం ప్రాణం పెట్టినవాళ్ళు కదా, వీళ్ళే నీళ్ళు లేకుంటే రక్షణ లేదని అంటారని ఎవరైనా అనుకుంటారు. కానీ బాప్తిస్టులు అన్నది వేరు: రక్షణ విశ్వాసం వల్ల, బాప్తిస్మం ఆ విశ్వాసానికి విధేయత, అందరి ఎదుట సాక్ష్యం. క్రీస్తు సంఘం వాళ్ళు దీనికి ఒప్పుకోరు, ముంచే బాప్తిస్మంతోనే పాపక్షమాపణ అంటారు. సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు 1883 నుంచి నీటి బాప్తిస్మమే ఇవ్వడం లేదు. బాపట్ల వైపు వెళ్ళి చూడండి, తరతరాల తెలుగు సాల్వేషన్ ఆర్మీ కుటుంబాలున్నాయి. వాళ్ళను క్రైస్తవులు కాదని మన వీధిలో ఎవరు అనగలరు?

ఇప్పుడు మన కథకు వద్దాం.

మనకు తెలిసిన బకింగ్‌హాం కాలువ నుంచి మొదలుపెడదాం. ఇప్పుడు దాని మీదే బీచి నుంచి వేళచ్చేరికి రైలు నడుస్తోంది. ముక్కు మూసుకుని దాటుతాం. అదే కాలువ ఎన్నూరు దాటి, పులికాటు దాటి, నెల్లూరు, ఒంగోలు తీరం వెంట పెదగంజాం దాకా వెళుతుంది. కూవానికీ అడయారుకూ మధ్య మన మద్రాసు ముక్కను తవ్వించింది 1877–78లో, కరువు పనిగా. ఆ కాలపు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టారు. అరవంలో తాదు వరుష పంజం అన్నా, మన పెద్దవాళ్ళు ధాత కరువు అన్నా అదే కరువు. ధాత నామ సంవత్సరంలో మొదలై 1878 దాకా మద్రాసు రాజధానిని పీల్చింది. లక్షల మంది పోయారు.

ఒంగోలు దగ్గర ఆ కాలువలో మూడు మైళ్ళకు పైగా ముక్కను తవ్వించే కాంట్రాక్టు ఒక పాదిరి తీసుకున్నాడు. ఆయనే అమెరికన్ బాప్తిస్టు మిషను వారి జాన్ క్లౌ దొర. 1865లో వచ్చి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. దానికి ముందే, 1866లో, యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. అంతకు ముందే యోగమార్గంలో సాధన చేసి, శిష్యులున్న గురువు. మాదిగ పల్లెల్లోకి సువార్త వెళ్ళింది ప్రధానంగా ఆయనా ఆయనలాంటివాళ్ళూ నడిచిన దారిలోనే, దొర గుర్రం మీద కాదు.

అప్పట్లో బాప్తిస్మం అంటే ఏమిటో మనం ఊహించుకోవాలి. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడూ మాదిగ పల్లె బతుకును ఊరితో కట్టి ఉంచిన తాళ్ళను తెంపేవి. జాతరలో డప్పు కొట్టనంటే ఊరి పెద్దలకు కోపం. ఆదివారం పొలానికి రానంటే కామందుకు కోపం. ఆ కోపం పనీ, నీళ్ళూ, దారీ మూసేసేది. అంటే బాప్తిస్మం తీసుకున్నవాడు నీళ్ళలోంచి లేచేసరికి అతడి పాత ఊరు అతడికి లేదు. ఉన్నది కొత్త సంఘం ఒక్కటే. ఒంగోలు పెద్ద కులాలవాళ్ళు కొందరు, ఈ మాదిగలను చేర్చుకోకుంటే మేము వస్తామన్నట్టు క్లౌ దొరకు చెప్పారు. ఆయన మాదిగల పక్షానే నిలబడ్డాడు, వాళ్ళు వెనక్కి వెళ్ళిపోయారు. ఎవరి పక్కన నిలబడి నీళ్ళలోకి దిగుతామన్నది కూడా బాప్తిస్మంలో భాగమేనని దీనివల్ల తెలుస్తుంది.

కరువు వచ్చింది. కాలువ పని దగ్గర వేల మంది గుడిసెలు వేసుకున్నారు. బోధకులే మేస్త్రీలు. పగలు తవ్వకం, విరామంలో యేసు మాట. కలరా వచ్చి గుడిసెల్లో గుడిసెలే ఖాళీ అయ్యాయి. ఆ రోజుల్లోనే వందల మంది బాప్తిస్మం కావాలని వచ్చారు.

క్లౌ దొర ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి డబ్బులు, ధాన్యం, సాయం తన చేతిమీదుగా పోతున్నంత కాలం, కూడు కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తెలియదని ఆగాడు. సాయం పంచడం ఆగిపోయాక, ఇక తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పి కూడా ఇంకా వెనకాడాడు. వచ్చినవాళ్ళు ఒప్పుకోలేదు. మాకు నీ డబ్బు వద్దు, మా చేతుల బొబ్బలు చూడు, పని చేసుకునే బతికాం, ఇక ముందూ అంతే, చచ్చిపోయినా సరే క్రైస్తవులుగా చస్తాం, మమ్మల్ని తీసుకో అన్న అర్థం వచ్చేట్టు వాదించారు.

1878 జూన్ నుంచి తలుపు తెరుచుకుంది. జూలై మొదట్లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం గుమిగూడారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536 మంది. జూలై 3న నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున, అలిసినవాళ్ళు గట్టెక్కితే ఇంకో ఇద్దరు దిగుతూ. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం కాసేపు ఆపి, సాయంత్రం దాకా. అపొస్తలుల కార్యాల్లో పెంతెకొస్తు రోజున చేరినవాళ్ళు సుమారు మూడు వేలు. ఆ ఏడాది చివరికి ఒంగోలు ప్రాంతంలో బాప్తిస్మం పొందినవారు 9,606.

ఈ లెక్క మన వార్షికోత్సవాల్లో గర్వంగా చదువుతాం. చదవాల్సిందే. కానీ ఆ లెక్కకు ముందున్న పదిహేను నెలలను ఎవరూ చదవరు. ఆ నెలల్లో అడిగినవాళ్ళున్నారు, వద్దనిపించుకున్నవాళ్ళున్నారు. వాళ్ళలో అందరూ 1878 జూలై దాకా బతికి ఉండరు. కరువులో, కలరాలో, కాలువ గట్టు మీద, నమ్మి, అడిగి, నీళ్ళు దొరక్కుండా పోయినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు, ఎందుకంటే రిజిస్టరు బాప్తిస్మంతోనే మొదలవుతుంది. మన ఇళ్ళలో ఏ ముత్తవ్వ అక్క, ఏ తాత తమ్ముడు ఆ గట్టు మీద మిగిలిపోయాడో మనకు తెలియదు.

ఇప్పుడు అడగండి. బాప్తిస్మం లేకుంటే నరకమే అని క్లౌ దొర నమ్మి ఉంటే, చావు గుడిసె గుడిసెకూ తిరుగుతున్న రోజుల్లో పదిహేను నెలలు ఆగగలిగేవాడా? ఆగి ఉంటే ఆయనంత క్రూరుడు ఉండడు. ఆయన బాప్తిస్టు, రక్షణ విశ్వాసం వల్ల అని నమ్మినవాడు, అందుకే ఆగగలిగాడు. ఆకలితో ఉన్న మనిషి మెడకు బాప్తిస్మాన్ని గంటలా కట్టకూడదనుకున్నాడు. ఆ ఆగడమే బాప్తిస్మం రక్షణకు వెల కాదని చెప్పిన పెద్ద ప్రసంగం.

అవతలి వైపు నుంచి కూడా అడగండి. బాప్తిస్మం ఉన్నా లేకున్నా ఒకటే అయితే, ఇవ్వడానికి ఏమీ లేని దొర దగ్గరకు ఆ జనం ఎందుకు మళ్ళీ మళ్ళీ వచ్చారు? దేవుడు మనసు చూస్తాడు లే, ఇంటికి పోండి అంటే ఎందుకు పోలేదు? ఎందుకంటే వాళ్ళకు అది ఒక్క తడి కాదు. ఊరు తమను ఊరి బయట పెట్టింది, ఇక్కడ ఒకరు పేరు అడిగి, చెయ్యి పట్టి, నీళ్ళలో దించి, మనవాడివి అంటున్నారు. ఆ చెయ్యి తమ కులంవాడి చెయ్యే కావడం ఇంకో మాట.

మేము చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఆగిన దొరా తప్పు కాదు, ఆగనన్న జనమూ తప్పు కాదు. బాప్తిస్మం మనిషికి అవసరం. దేవుడికి అది లేకుండా పని జరగదని మాత్రం కాదు. కొంచెం తేడాలతో, ఆంబ్రోసు నుంచి ట్రెంట్ దాకా, లూథరు ఓదార్పు నుంచి గుండ్లకమ్మ దాకా ఎక్కువ సంఘాలు చివరకు చేరింది ఈ ఒడ్డుకే. తప్పనిసరి అని గట్టిగా అన్నవాళ్ళు కూడా ఎక్కడో ఒక పక్క తలుపు తెరిచే ఉంచారు. కోరిక అన్నారు, ఆశ అన్నారు, తృణీకారం వేరు లేకపోవడం వేరు అన్నారు.

మద్రాసుకు ఈ కథతో సంబంధం ఏమిటని కొత్తతరం అడగొచ్చు. ఈ మిషను మొదటి పాదిరి సామ్యూల్ డే నెల్లూరికి 1840లో వెళ్ళకముందు కొన్నేళ్ళు మద్రాసులోనే తెలుగువాళ్ళ మధ్య ఉన్నాడు. నెల్లూరు కాపు కాసిన లైమన్ జ్యూయెట్ దొర 1878లో, అదే వెల్లంపల్లి ఏడాది, మద్రాసుకు వచ్చి ఇక్కడి తెలుగువాళ్ళ కోసం పని మొదలుపెట్టాడు. ఇక చెన్నైకి పడమట కీళచ్చేరి వైపు కథోలిక తెలుగు కుటుంబాలు అంతకు ఎంతో ముందే వచ్చి స్థిరపడ్డాయి. మన చర్చి రిజిస్టర్ల మొదటి పేజీలు ఇలాంటి ప్రయాణాలవే.

బాప్తిస్మం లేని విశ్వాసులూ మనకు కొత్త కాదు. మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు గారు 1942లో తనకు క్రీస్తు దర్శనం అయిందన్నారు. ఆయన చుట్టూ వేల మంది చేరారు, ఆయన పాటలు పాడుకున్నారు. ఆయన మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు, అది ఉత్త తంతు అని, పాదిరీల పెత్తనమని ఘాటుగా రాశారు. 1981లో ఆయన కాలం చేశారు. ఆయన అన్నదంతా మేము ఒప్పుకోం. గుండ్లకమ్మలో దిగినవాళ్ళకు అది తంతు కాదు కాబట్టి. కానీ ఆయన క్రీస్తుభక్తిని శంకించే అర్హత మనకు లేదు.

మన నగరంలోనే, గురుకుల్ లూథరన్ వేదాంత కళాశాల తరఫున హెర్బర్ట్ హోఫర్ అనే అధ్యాపకుడు బాప్తిస్మం లేకుండా యేసునే కొలిచేవాళ్ళ మీద పరిశోధన చేసి, 1991లో పుస్తకంగా తెచ్చారు. మద్రాసులో అలాంటివాళ్ళు చర్చి సభ్యుల లెక్కకు తీసిపోనంత మంది ఉన్నారని ఆయన తేల్చారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, ఇంట్లో వాళ్ళకు నొప్పి కలగకూడదని ఆగినవాళ్ళు.

పూలవ్వ ఆగింది ఇంకో కారణంతో. ఆ కారణాన్ని 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు పుట్టించింది. హిందూ మతం కాక వేరే మతంలో ఉన్న మనిషిని షెడ్యూల్డు కులంగా లెక్కించకూడదన్నది అందులోని మూడో పేరా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం పొంది చర్చికి వెళుతున్న మనిషి ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకుంటే చెల్లదని తీర్పిచ్చింది. ఆ కేసులో బాప్తిస్మం రికార్డే సాక్ష్యమైంది. యానాంలో ఉన్న మన సభ్యులు దాని గురించి అప్పుడు ఎంత కలవరపడ్డారో గుర్తుంది. ఆ చట్టం న్యాయమా కాదా అన్నది ఇంకో వ్యాసం. ఇక్కడ చెప్పేది ఇంతే: 1877లో కూడు, బాప్తిస్మం ఒకే చేతిలో ఉండకూడదని పాదిరి ఆగాడు. ఇప్పుడు కూడు పోతుందని పేదవాళ్ళు ఆగుతున్నారు. పూలవ్వ బాప్తిస్మాన్ని తృణీకరించలేదు. తన వంతును కొడుకు అన్నం కోసం వదులుకుంది. అది సరైన నిర్ణయమని కూడా మేము అనడం లేదు. నిజం దాచి బతకడంలో ఒక బరువు ఉంటుంది, అది ఆవిడ మొహంలో చూశాం. ప్రభురాత్రి భోజనం రోజున పళ్ళెం దగ్గరకు వచ్చేసరికి ఆవిడ లేచి బయటకు వెళ్ళిపోయేది. నలభై ఏళ్ళు.

చర్చి పెద్దలతో మాకు పగ లేదు. సభ్యత్వానికి రూలు ఉండాలి, స్థలానికి లెక్క ఉండాలి. కానీ స్థలం లేదనడం వేరు, పరలోకంలో చోటు లేదనడం వేరు. మొదటిది కమిటీ పని. రెండోది ఏ కమిటీ పనీ కాదు.

అందుకని మన సంఘం వరకు మేము మూడు మాటలు ప్రతిపాదిస్తున్నాం, వచ్చే సమావేశంలో చర్చిద్దాం. ఒకటి, మన అంత్యక్రియల నిధి నుంచి సాయం ఇచ్చేటప్పుడు బాప్తిస్మ పత్రం, కుల పత్రం ఏదీ అడగకూడదని రాసుకుందాం. రెండు, అన్ని చర్చిల పెద్దలనూ కలిసి, ఏళ్ళ తరబడి ఆరాధనకు వచ్చినవాళ్ళను, బాప్తిస్మం లేకున్నా, పాస్టరయ్యగారి మాట మీద మట్టి చేయనిచ్చే ఏర్పాటు ఏదైనా ఉంటుందేమో అడుగుదాం. మూడు, మీ ఇళ్ళలో పాత బాప్తిస్మ పత్రాలు, సంఘ రిజిస్టర్ల నకళ్ళు, ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి పెద్దవాళ్ళు వచ్చిన కథలు ఉంటే ఫోటో తీసి పంపండి. పత్రం లేనివాళ్ళ పేర్లు కూడా పంపండి. ఫలానా అవ్వ నమ్మేది, తీసుకోలేదు అని ఒక వాక్యం రాసి పంపినా చాలు. వాళ్ళకూ ఒక పుస్తకం పెడదాం.

పూలవ్వ కొడుక్కి ఒక మాట. నాయనా, గుంపులో మూడు రోజులు మేమంతా మీ అమ్మ గురించి పొడుగు పొడుగు మాటలు మాట్లాడాం. నువ్వు ఒక్క మాటా అనలేదు. మమ్మల్ని క్షమించు. నలభయ్యో రోజు కూటం మా ఇంట్లో పెట్టుకుందాం, అందరం వస్తాం. మీ అమ్మ పాడే పాటలు ఏవో నువ్వే చెప్పాలి.